రెండు దూరపు ఎయిర్‌పోర్టుల మధ్య విమాన దూరం మనమే లెక్కేసుకోవడం ఎలా

సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం అని వెతికితే ఒకచోట 15,340 కి.మీ. అని వస్తుంది, ఇంకోచోట 15,349, మరోచోట 15,357. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ తెరిస్తే అదే రూట్లో నిన్న వెళ్ళిన విమానం ఇంకా ఎక్కువే తిరిగినట్టు కనిపిస్తుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదండీ, ఎవరు దేన్ని కొలిచారు అన్నదే తేడా. ఆ తేడా బుర్రకెక్కాలంటే ఒక్కసారైనా మన చేత్తో మనం లెక్క చేసి చూడాలి. స్కూల్లో చదివిన సైన్, కాస్ పేర్లు గుర్తుంటే చాలు, మిగతాది ఎక్సెల్ చూసుకుంటుంది.

లెక్కలోకి వెళ్ళే ముందు ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస సింగపూర్ మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని రెండో కొసని న్యూయార్క్ దాకా లాగి బిగించండి. మొదట దారాన్ని పసిఫిక్ మీదుగా అడ్డంగా వేశారనుకోండి, బిగిస్తున్న కొద్దీ అది పైకి జారుతూ జారుతూ ఉత్తర ధ్రువం పక్కకి వచ్చి ఆగుతుంది. అక్కడ ఇంక లాగినా కదలదు. అదే రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి, దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు, తెలుగు పుస్తకాల్లో మహావృత్తం అని ఉంటుంది. గ్లోబు అడ్డుకొలత 30 సెం.మీ. అయితే దాని చుట్టుకొలత 94 సెం.మీ. పైచిలుకు, భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ., అంటే దారం మీద ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కి.మీ. అన్నమాట. మన దారం 36 సెం.మీ. వస్తుంది, గుణిస్తే 15,300. ఏ ఫార్ములా లేకుండానే అసలు సమాధానానికి ఎంత దగ్గరికి వచ్చామో చూడండి. నేను ఇప్పటికీ కొత్త రూట్ ఏదైనా లెక్కేస్తే ముందు దారంతో ఒక అంచనా వేసుకుంటాను, ఎందుకంటే ఫార్ములాలో తప్పు జరిగితే పట్టిచ్చేది అదే.

గోడ మీది మ్యాప్‌తో మాత్రం ఈ పని చేయకండి. మనం ఎక్కువగా చూసే మ్యాప్ 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతి, దాంట్లో ధ్రువాల వైపు వెళ్ళే కొద్దీ అన్నీ సాగిపోతాయి, ఆఫ్రికా నిజానికి గ్రీన్‌లాండ్‌కి 14 రెట్లు ఉంటే మ్యాప్‌లో రెండూ సమానంగా కనిపిస్తాయి. అలాంటి కాగితం మీద రూలర్ పెట్టి కొలిస్తే ఏం వస్తుంది? కొంచెం తెలివిగా, అక్షాంశం తేడా ఇంత, రేఖాంశం తేడా ఇంత, మధ్య అక్షాంశం దగ్గర డిగ్రీ ఎంత పొడవుంటుందో చూసి పైథాగరస్ వేద్దాం అనుకున్నా సింగపూర్-న్యూయార్క్‌కి 18,965 కి.మీ. వస్తుంది. అంటే 3,600 కి.మీ. పైన ఎక్కువ. పక్క పక్క ఊళ్ళకి ఈ పద్ధతి బానే పనిచేస్తుంది, దూరం పెరిగే కొద్దీ పనికిరాకుండా పోతుంది.

సరే, ఇప్పుడు అసలు లెక్క. ముందు కావాల్సింది రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం. ఇక్కడ ఊరి పేరుతో కాదు, ఎయిర్‌పోర్ట్ కోడ్‌తో వెతకండి, టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ అయినా సరే, పైలట్లు వాడే నాలుగక్షరాల కోడ్ అయినా సరే. ఎందుకంటే సిడ్నీ అంటే ఆస్ట్రేలియాలోనూ ఉంది, కెనడాలో నోవా స్కోషియాలోనూ ఉంది, శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి, బర్మింగ్‌హామ్ ఇంగ్లాండ్‌లో ఒకటి, అలబామాలో ఒకటి. పేరు కొడితే సైట్ తనకి తోచింది ఎంచుకుంటుంది, మనం గమనించం. ఇంకో మాట, ఎయిర్‌పోర్ట్‌కి ఇచ్చే ఆ పాయింట్ టెర్మినల్ తలుపు దగ్గరది కాదు, మామూలుగా రన్‌వేలన్నిటికీ నడిమధ్యలో ఒక రిఫరెన్స్ పాయింట్ పెట్టుకుని దాన్నే లెక్కల్లో వాడతారు. కాబట్టి ఒకటి రెండు కిలోమీటర్ల తేడా గురించి కొట్టుకోవడం అనవసరం.

మన రెండింటికీ ఇవి: చాంగీ 1.3502 ఉత్తరం, 103.994 తూర్పు. జేఎఫ్‌కే 40.6398 ఉత్తరం, 73.7789 పడమర. ఉత్తరం, తూర్పు అయితే ప్లస్, దక్షిణం, పడమర అయితే మైనస్. అంటే జేఎఫ్‌కే రేఖాంశం మైనస్ 73.7789 అని ఎక్కించాలి. దశాంశ స్థానాలు నాలుగు ఉంటే పది మీటర్ల దాకా సరిపోతుంది, రెండు ఉన్నా కిలోమీటరు తేడాలోపే ఉంటుంది, అంతకంటే పొడుగు నంబర్లు వేసుకుని లాభం లేదు.

ఇప్పుడు ఫార్ములా. మొదటి ఊరి అక్షాంశం అ1, రెండోది అ2, రేఖాంశాలు రే1, రే2 అనుకుందాం.

కాస్(కోణం) = సైన్(అ1) × సైన్(అ2) + కాస్(అ1) × కాస్(అ2) × కాస్(రే1 − రే2)

అంతే. ఇక్కడ కోణం అంటే భూమి నడిమధ్యలో నిలబడి ఒక చెయ్యి సింగపూర్ వైపు, ఇంకో చెయ్యి న్యూయార్క్ వైపు చాపితే రెండు చేతుల మధ్య వచ్చే కోణం. నంబర్లు వేద్దాం. సైన్ 1.3502 అంటే 0.02356, సైన్ 40.6398 అంటే 0.6513, రెండూ గుణిస్తే 0.0153. కాస్‌లు 0.9997, 0.7588. రేఖాంశాల తేడా 103.994 లోంచి మైనస్ 73.7789 తీసేస్తే 177.7729 డిగ్రీలు, దాని కాస్ మైనస్ 0.9992. ఈ మూడూ గుణిస్తే మైనస్ 0.7580. మొత్తం కలిపితే మైనస్ 0.7427. దీనికి కాస్ ఇన్వర్స్ నొక్కితే 137.96 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111.195 కి.మీ. (సగటు వ్యాసార్థం 6,371 కి.మీ. తీసుకుంటే), గుణిస్తే 15,340 చిల్లర. అయిపోయింది.

ఈ రూట్‌కి ఇంకో అందమైన అడ్డదారి ఉంది, అందుకే దీన్ని ఉదాహరణగా తీసుకున్నాను. రెండు ఊళ్ళ రేఖాంశాల తేడా దాదాపు 180, అంటే ఒకటి భూమికి ఇటు పక్క, ఒకటి సరిగ్గా అటు పక్క. అలాంటప్పుడు దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోవాలి కదా. సింగపూర్ నుంచి ఉత్తర ధ్రువానికి 90 లోంచి 1.35 తీసేస్తే 88.65 డిగ్రీలు, ధ్రువం నుంచి న్యూయార్క్‌కి దిగడానికి 90 లోంచి 40.64 తీసేస్తే 49.36 డిగ్రీలు, మొత్తం 138.01. గుణిస్తే 15,346 కి.మీ., ట్రిగనామెట్రీ ఏమీ లేకుండా కూడికతో ఆరు కిలోమీటర్ల తేడాలో వచ్చేశాం. గ్లోబు మీద దారం ధ్రువం పక్కకి ఎందుకు జారిందో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ చేస్తే ఒకే ఒక్క గండం, అదేంటంటే వాటి సైన్, కాస్ ఫంక్షన్లకి డిగ్రీలు అర్థం కావు, రేడియన్లే తెలుసు (కోణాన్ని కొలిచే ఇంకో కొలమానం అది). ప్రతి కోణాన్నీ రేడియన్స్ అనే ఫంక్షన్‌లో పెట్టి ఇవ్వాలి, చివర్లో వచ్చే కోణం కూడా రేడియన్లలోనే వస్తుంది కాబట్టి దాన్ని నేరుగా 6371 తో గుణించేయాలి, 111 తో కాదు. ఇది మర్చిపోతే ఎర్రర్ వస్తే బాగుండేది, రాదు. ఇదే సింగపూర్-న్యూయార్క్ నంబర్లని రేడియన్స్ లేకుండా వేసి చూడండి, 8,380 కి.మీ. చుట్టూ వస్తుంది. చూడ్డానికి నిజమైన దూరంలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, అదే భయం.

రెండో తప్పు మైనస్. నేను మొదటిసారి ఈ రూట్ లెక్కేసినప్పుడు జేఎఫ్‌కే ముందు మైనస్ పెట్టడం మర్చిపోయాను, 5,320 కి.మీ. వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో తెలియక ఫార్ములా మొత్తం మూడుసార్లు సరిచూశాను, ఫార్ములా శుభ్రంగా ఉంది. తీరా ఆ పాయింట్‌ని మ్యాప్‌లో వేసి చూస్తే కిర్గిజ్‌స్తాన్ కొండల్లో ఉంది. అప్పట్నుంచి లెక్క మొదలుపెట్టే ముందు రెండు పాయింట్లనీ మ్యాప్‌లో పేస్ట్ చేసి రన్‌వే కనిపిస్తుందో లేదో చూస్తాను, పది సెకన్ల పని.

మూడోది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. ఏవియేషన్ చార్టుల్లో జేఎఫ్‌కే అక్షాంశం 40 డిగ్రీల 38 నిమిషాల 23 సెకన్లు అని ఉంటుంది. దాన్ని 40.3823 అని కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు. 38ని 60తో భాగించాలి, 23ని 3600తో భాగించాలి, రెండూ 40కి కలపాలి, అప్పుడు 40.6397 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతోనే ఎయిర్‌పోర్ట్ 28 కి.మీ. పైన దక్షిణానికి జరిగిపోతుంది.

హావర్‌సైన్ ఫార్ములా అని ఇంకోటి మీకు చాలా చోట్ల కనిపిస్తుంది. అదీ ఇదీ ఒకే కోణాన్ని ఇస్తాయి. పాయింట్లు మరీ దగ్గరగా ఉన్నప్పుడు కాస్ విలువ 1కి అతుక్కుపోయి చివరి అంకెలు పోతాయి, హావర్‌సైన్‌కి ఆ బాధ లేదు, అందుకే ప్రోగ్రామ్ రాసేవాళ్ళు దాన్ని ఇష్టపడతారు. దూరపు ఎయిర్‌పోర్టులకైతే పైన చెప్పిందే చాలు.

దక్షిణార్ధగోళంలో ఒక రూట్ కూడా చేసి చూడండి, బాగుంటుంది. సిడ్నీ (మైనస్ 33.9461, 151.1772), చిలీలోని శాంటియాగో (మైనస్ 33.393, మైనస్ 70.7858). రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి విమానం నేరుగా తూర్పుకి పోతే సరిపోతుంది అనిపిస్తుంది. ఆ అక్షాంశం వెంబడే పోతే 12,770 కి.మీ. అవుతుంది. ఫార్ములా వేస్తే 11,340 వస్తుంది, 1,400 పైన ఆదా, కానీ ఆ దారి మధ్యలో 62 డిగ్రీల దక్షిణం దాకా, అంటే అంటార్కిటికా వైపు బాగా కిందికి దిగుతుంది. ఇంకోటి గమనించారా, రేఖాంశాలు తీసేస్తే 221.96 వస్తుంది, అది 180 కన్నా ఎక్కువ, అంటే మనం దూరపు వైపు నుంచి చుట్టి కొలుస్తున్నాం. 360 లోంచి తీసేస్తే 138.04. ఫార్ములాలో కాస్ ఉంది కాబట్టి ఏది వేసినా ఒకటే జవాబు వస్తుంది, చేత్తో అంచనాలు వేసేటప్పుడు మాత్రం 360 లోంచి తీయడం మర్చిపోకండి. ఎలా లెక్కేసినా జవాబు 20,000 కి.మీ. దాటి బాగా పైకి పోయిందంటే తప్పు జరిగినట్టే, ఎందుకంటే భూమ్మీద ఏ రెండు పాయింట్ల మధ్య దూరమైనా చుట్టుకొలతలో సగాన్ని మించదు.

ఇక మొదట్లో చెప్పిన మూడు నంబర్ల సంగతి. భూమి పూర్తి గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378.137 కి.మీ., ధ్రువం దగ్గర 6,356.752. సగటు 6,371 వేస్తే 15,340, కొంతమంది భూమధ్యరేఖది 6,378 వేస్తారు, వాళ్ళకి 15,357 వస్తుంది, నొక్కిన ఆకారాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే 15,349. ఆ సరైన లెక్కకి 1975లో తాడియస్ విన్సెంటీ ఇచ్చిన ఫార్ములాలు చాలా కాలంగా వాడుతున్నారు, రెండు పాయింట్లు భూమికి దాదాపు ఎదురెదురుగా ఉన్నప్పుడు అవి తేలకుండా తిరుగుతూనే ఉంటాయి, 2013లో చార్లెస్ కార్నీ ఇచ్చిన పద్ధతిలో ఆ ఇబ్బంది కూడా పోయింది. ఇవి చేత్తో చేసేవి కావు, గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి సైట్‌లో రెండు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొడితే క్షణంలో వస్తుంది, దారి బొమ్మ కూడా గీసి చూపిస్తుంది. మన చేతి లెక్కకీ దానికీ తేడా ఇక్కడ తొమ్మిది కి.మీ. లోపే. ఏ రూట్‌లోనైనా సుమారు అర శాతాన్ని మించదు.

మైళ్ళ దగ్గర జాగ్రత్త. విమానాల లోకంలో మైలు అంటే చాలాసార్లు నాటికల్ మైలు, 1.852 కి.మీ., రోడ్డు మైలు 1.609 కి.మీ. ఎయిర్‌లైన్స్ ప్రయాణికులకి ఇచ్చే మైలేజ్ పాయింట్లలో రోడ్డు మైలు, పైలట్ల కాగితాల్లో నాటికల్ మైలు. నాటికల్ మైలుతో ఒక సుఖం ఉంది, ఒక డిగ్రీకి దాదాపు సరిగ్గా 60 వస్తాయి, కాబట్టి మన 137.96 ని 60తో గుణిస్తే 8,278 నాటికల్ మైళ్ళు, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇంతవరకు లెక్కేసింది నేల మీది దూరం. విమానం 11 కి.మీ. ఎత్తులో పోతుంది కదా, మరి దూరం పెరగదా అని అడుగుతారు, పెరుగుతుంది, 11ని 6371తో భాగించినంత, ఈ రూట్‌కి 26 కి.మీ. అంతే. అసలు తేడా అంతా గాలి వల్ల, గగనతలం వల్ల వస్తుంది. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని బలమైన గాలి ఉంటుంది. సింగపూర్-న్యూయార్క్ విమానాలు చాలాసార్లు ధ్రువం వైపు పోకుండా, అటు వెళ్ళేటప్పుడు పసిఫిక్ మీదుగా, ఇటు వచ్చేటప్పుడు అట్లాంటిక్, యూరప్ మీదుగా, అంటే రెండు వైపులా తూర్పుకే పోతాయి. దూరం పెరుగుతుంది, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి టైమూ ఇంధనమూ కలిసొస్తాయి. విమానానికి నిజంగా ముఖ్యమైంది గాలిలో ఎంత దూరం ఈదింది అన్నదే గానీ నేల మీద ఎంత అన్నది కాదు, ఈ ఒక్క ముక్క తెలిస్తే వంకర దారులన్నీ అర్థమైపోతాయి.

గగనతలానికి వస్తే హెల్సింకి-టోక్యో చూడండి. గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 7,800 కి.మీ., దాదాపు అంతా రష్యా మీదుగానే. 2022 ఫిబ్రవరి తర్వాత యూరప్ ఎయిర్‌లైన్స్‌కి ఆ దారి మూసుకుపోయింది, తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా 13 గంటల చుట్టూ అయింది. రెండు ఎయిర్‌పోర్టులూ అక్కడే ఉన్నాయి, ఫార్ములా జవాబూ అదే, విమానం మాత్రం ఉత్తర ధ్రువం వైపు నుంచో దక్షిణం వైపు నుంచో చుట్టి పోవాల్సి వచ్చింది. ఇవి కాక రెండింజన్ల విమానాలు ఎప్పుడూ దిగడానికి ఒక ఎయిర్‌పోర్ట్ నిర్ణీత సమయంలోపు అందేలా పోవాలన్న రూల్ ఒకటి, సిడ్నీ-శాంటియాగో లాంటి రూట్లలో దారి దాని చుట్టూనే గీస్తారు.

కాబట్టి మీకు ఏ నంబర్ కావాలో అది దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఫ్లైట్ లేటైతే ఇచ్చే నష్టపరిహారానికి 2004 నాటి రూల్ ప్రకారం గ్రేట్ సర్కిల్ దూరమే లెక్క, 1,500, 3,500 కి.మీ. గీతల దగ్గర పరిహారం మారుతుంది. మధ్యలో ఒకచోట మారి వెళ్ళినా రెండు ముక్కలు కలపకుండా మొదటి ఎయిర్‌పోర్ట్ నుంచి చివరి ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా కొలవాలని 2017లో అక్కడి కోర్టు తేల్చింది. మీది 3,500 కి దగ్గర్లో ఉంటే మాత్రం సగటు వ్యాసార్థంతో సరిపెట్టుకోకండి, ఖచ్చితమైన లెక్కే చేయండి, పది కిలోమీటర్ల తేడాతో డబ్బు మారిపోతుంది. కార్బన్ లెక్కలకైతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కాలిక్యులేటర్ పద్ధతిలో గ్రేట్ సర్కిల్ దూరానికి కొంత కలుపుతారు, 550 కి.మీ. లోపైతే 50, 5,500 దాకా 100, ఆ పైన 125. టైము అంచనాకి గంటకి 900 కి.మీ. వేసుకుని ఎక్కడానికి దిగడానికి ఒక అరగంట కలపండి. లండన్-న్యూయార్క్ 5,540 కి.మీ. కి దాదాపు ఆరు గంటల నలభై నిమిషాలు వస్తుంది, తూర్పుకి వచ్చేటప్పుడు దాదాపు అంతే పడుతుంది, పడమరకి పోయేటప్పుడు ఎదురు గాలికి ఇంకో గంట ఎక్కువ.

నిజంగా ఒక విమానం ఎంత తిరిగిందో కావాలంటే అదే ఫార్ములాని చాలాసార్లు వేయాలి. ట్రాకింగ్ సైట్ నుంచి ఆ రోజు దారిలోని పాయింట్లు తీసుకుని షీట్‌లో వరుసగా కిందకి పేస్ట్ చేయండి, ప్రతి వరుసలో పై పాయింట్‌కీ ఈ పాయింట్‌కీ మధ్య దూరం వచ్చేలా ఫార్ములా లాగండి, చివర్లో మొత్తం కూడండి. పాయింట్లు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇక్కడ హావర్‌సైన్ వాడితే మంచిది. సముద్రాల మీద సిగ్నల్ లేక పాయింట్లకి మధ్య పెద్ద ఖాళీలు ఉండొచ్చు, ఆ ఖాళీల్లో లెక్క నేరుగా దారం వేసినట్టే వేసేస్తుంది, కాబట్టి వచ్చిన మొత్తం నిజం కన్నా కాస్త తక్కువే ఉంటుంది.